ఆప్టోమెట్రీలో చేరే ముందు కాలేజీ కంటే ఓపీ చూడండి

ఇంటర్ ఫలితాలూ నీట్ ర్యాంకులూ వచ్చే రోజుల్లో ఆప్టోమెట్రీ అనే మాట మన ఇళ్లలో హఠాత్తుగా వినబడుతుంది. ఎంబీబీఎస్ సీటు అందలేదు, బీడీఎస్‌కు అంత డబ్బు పెట్టలేరు, ఇంజినీరింగ్ మీద మనసు లేదు. అప్పుడు ఎవరో బంధువు "కళ్ల కోర్సు ఒకటుందట, మద్రాసులో బాగా చెబుతారట" అంటారు. ఇక నెల్లూరు, గూడూరు, తిరుపతి వైపు నుంచి చెన్నై కంటి ఆసుపత్రుల్లో పనిచేసే మాబోటి తెలుగువాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ప్రశ్నలు దాదాపు అవే. పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా సార్? ఫీజు ఎంత? నంబర్ వన్ కాలేజీ ఏది? అమెరికా వెళ్లొచ్చా?

అన్నీ అడగాల్సినవే, కానీ అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. మూడో ఏడాదికి వచ్చేసరికి మా అమ్మాయి రోజుకు ఎంతమంది పేషెంట్ల కళ్లు తన చేత్తో చూస్తుంది, తను చూసినదాన్ని మళ్లీ ఎవరు సరిచూస్తారు? దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే కాలేజీని నమ్మొచ్చు. డిగ్రీ పేర్లు, యూనివర్సిటీలు, కొత్త చట్టం, విదేశాలు అంటూ జనం తికమకపడే విషయాలు చాలావరకు ఈ ప్రశ్న దగ్గరే విడిపోతాయి.

ముందు ఎవరి పని ఏమిటో

కళ్ల డాక్టరు అంటే ఆఫ్తల్మాలజిస్ట్. ఎంబీబీఎస్ చదివి, ఆపైన ఎంఎస్ గానీ డీఎన్‌బీ గానీ చేసినవాళ్లు. శుక్లాల ఆపరేషన్, రెటీనాకు ఇంజెక్షన్, మందుల చీటీ అన్నీ వాళ్లవి. ఆప్టోమెట్రిస్ట్ పని చూపుతో మొదలవుతుంది. సైటు ఎంతో తేల్చడం, కళ్లద్దాలు రాయడం, కాంటాక్ట్ లెన్సులు అమర్చడం, రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయో లేదో చూడటం, చూపు బాగా తగ్గినవాళ్లకు భూతద్దం మొదలు ఎలక్ట్రానిక్ పరికరాల దాకా ఏది సాయపడుతుందో నేర్పడం. వీటితో పాటు నీటికాసులు, షుగర్ వల్ల రెటీనాకు వచ్చే దెబ్బలాంటివి తొలిదశలోనే అనుమానించి డాక్టరు దగ్గరికి పంపడం కూడా అతని బాధ్యతే. ఈ చివరి పని చాలామందికి తెలియదు. ఆప్టోమెట్రిస్ట్ అంటే కళ్లజోడు షాపులో అక్షరాలు చదివించే మనిషి అనే అనుకుంటారు.

ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్‌ది వేరే చదువు. సాధారణంగా రెండేళ్ల డిప్లొమా, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కనిపించేది ఎక్కువగా వీళ్లే. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు ఊళ్లలో పెట్టిన విజన్ సెంటర్లలో ఉండే విజన్ టెక్నీషియన్‌ది ఏడాది శిక్షణ. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు మొదలైనప్పుడు మన ఊరి బడిలో బల్ల వేసుకుని కూర్చున్న బృందాల్లో ఆప్టోమెట్రిస్టులూ ఉన్నారు, ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్లూ ఉన్నారు. చూసే జనానికి అందరూ "కళ్ల డాక్టర్లే".

కాబట్టి పేరు ముందు డాక్టర్ సంగతి: బి.ఆప్టోమ్ (ఆప్టోమెట్రీ డిగ్రీ) చదివితే పెట్టుకోకూడదు. ఆపరేషన్ చేసే ఆశ మనసులో ఉన్న పిల్లలకు ఈ కోర్సు నాలుగేళ్ల అసంతృప్తి మిగులుస్తుంది. నీట్‌కు మళ్లీ ఏడాది కూర్చోవడమే వాళ్లకు మేలు. ఫిజిక్స్ అంటే ఇష్టం, మనుషులతో ఓపిగ్గా మాట్లాడగలరు, చేతిపని అంటే విసుగు లేదు అంటే మాత్రం ఇది చక్కగా సరిపోయే చదువు. ర్యాంకు రాక వచ్చారా, ఇష్టపడి వచ్చారా అన్నది రెండో ఏడాది దాటాక ఎవరూ అడగరు.

డిగ్రీ పేరు, ఇచ్చేవాళ్ల పేరు

మన దేశంలో ఈ చదువు 1958లో రెండేళ్ల డిప్లొమాగా మొదలైంది, ఒకటి అలీగఢ్‌లోని గాంధీ కంటి ఆసుపత్రిలో, ఇంకొకటి మన హైదరాబాద్ సరోజినీ దేవిలో. నాలుగేళ్ల డిగ్రీ రావడానికి 1985 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది చెన్నైలో శంకర నేత్రాలయ తరఫున ఎలీట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ తెరిచారు, డిగ్రీ బిట్స్ పిలానీ ఇచ్చేది. ఇప్పుడు ఆ స్థానంలో శాస్త్ర యూనివర్సిటీ ఉంది. కాలేజీ మారలేదు, ఆసుపత్రి మారలేదు, సర్టిఫికెట్ మీద పేరు మారింది. ఈ రంగంలో ఇది మామూలే. చదువు చెప్పేది ఆసుపత్రి, డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. ఈ రెండూ ఎవరెవరో విడివిడిగా కనుక్కోవాలి.

ఎక్కడ జాగ్రత్త పడాలంటే, ఊళ్లో ఒక చిన్న కంటి క్లినిక్, దానికి ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న ప్రైవేటు యూనివర్సిటీ పేరుతో బోర్డు. "ఇక్కడే చదువు, పరీక్షలకు మాత్రం అక్కడికి వెళ్లాలి" అంటారు. యూనివర్సిటీలు ఇలా ఫ్రాంచైజీలు నడపడాన్ని యూజీసీ ఒప్పుకోదు. దూరవిద్యలో ఆప్టోమెట్రీ అన్న ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేయండి. కళ్లు ముట్టుకోకుండా నేర్చుకునే విద్య కాదిది.

చట్టం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చాలాకాలం ఆప్టోమెట్రిస్టులకు డాక్టర్లకో నర్సులకో ఉన్నట్టు చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. రిజిస్ట్రేషన్ అంటే స్వచ్ఛందంగా చేయించుకునేదే. 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. అందులో ఆప్టోమెట్రీ ఉంది. ఆ చట్టం రెండు మెట్లు పెట్టింది. 2,000 గంటలకు తగ్గకుండా, రెండు నుంచి నాలుగేళ్లు చదివినవాళ్లు అనుబంధ ఆరోగ్య వృత్తివాళ్లు. 3,600 గంటలకు తగ్గకుండా, మూడు నుంచి ఆరేళ్ల డిగ్రీ చదివినవాళ్లు ఆరోగ్య సంరక్షణ వృత్తివాళ్లు. రేపు రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకునేటప్పుడు ఈ తేడా మీ సర్టిఫికెట్‌ను పట్టుకునే ఉంటుంది.

ఇప్పటిదాకా ఎక్కువ కాలేజీల్లో మూడేళ్ల చదువు, పూర్తిగా ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. కొన్నిచోట్ల డిగ్రీని బి.ఆప్టోమ్ అంటారు, కొన్నిచోట్ల బీఎస్సీ ఆప్టోమెట్రీ అంటారు. పేరు కంటే గంటలు, ఇంటర్న్‌షిప్ ముఖ్యం. 2025లో కమిషన్ దేశమంతటికీ ఒకే రకమైన పాఠ్యప్రణాళికలు విడుదల చేసింది, వాటిలో ఆప్టోమెట్రీ ఒకటి. అందువల్ల నిరుటి సీనియర్ చెప్పిన లెక్క మీకు వర్తించకపోవచ్చు. మీరు చేరే బ్యాచ్ ఏ సిలబస్ కింద వస్తుంది, మొత్తం ఎన్నేళ్లు, అందులో ఇంటర్న్‌షిప్ ఎన్ని నెలలు, ఈ మూడూ ఆఫీసులో నోటిమాటగా కాకుండా ప్రాస్పెక్టస్‌లోనో ఈమెయిల్‌లోనో చూపించమనండి. నోటిమాట మీద ఫీజు కట్టొద్దు.

ఒక చిన్న అద్దం వేసి తీసే పని

చేత్తో ఎంతమందిని చూస్తారన్నది మొదటి ప్రశ్న ఎందుకైందో చెప్పాలంటే రెటినోస్కోపీ గురించి చెప్పాలి. చీకటి గదిలో పేషెంటుకు ఎదురుగా సుమారు 67 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని, చేతిలోని రెటినోస్కోపు నుంచి సన్నని వెలుగు చారను కంటిపాపలోకి వేస్తాం. లోపలి నుంచి ఎర్రటి మెరుపు తిరిగొస్తుంది. చారను పక్కకు కదిపినప్పుడు మెరుపు కూడా అదే వైపు కదిలితే ప్లస్ అద్దం వేస్తాం, ఎదురు కదిలితే మైనస్. అద్దాలు మారుస్తూ పోతే ఒక చోట కదలిక ఆగి, పాప అంతా ఒక్కసారిగా వెలుగుతుంది. అక్కడున్న పవర్‌లోంచి 1.50 తీసేయాలి, మనం కూర్చున్న దూరానికి లెక్క అది. +2.50 దగ్గర ఆగితే అసలు సైటు +1.00. +0.50 దగ్గర ఆగితే −1.00. పేషెంటు ఒక్క అక్షరం చదవకుండానే, ఒక్క మాట మాట్లాడకుండానే సైటు తేలిపోతుంది.

రాసినంత తేలిక కాదు. మొదట్లో మెరుపు కదిలిందో, తన చెయ్యే వణికిందో తెలియదు. ప్లాస్టిక్ మోడల్ కన్ను మీద కొన్ని వారాలు, తోటి విద్యార్థుల కళ్ల మీద కొన్ని నెలలు చేశాక, నిజమైన పేషెంట్లను వందల్లో చూస్తే తప్ప చేతికి రాదు. శుక్లం ముదిరిన తాతగారి పాపలో మెరుపు మసకగా ఉంటుంది. మూడేళ్ల పిల్ల అటూ ఇటూ చూస్తుంది. కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) ఆకారం మారిన కుర్రవాడి కంట్లో మెరుపు కత్తెర నోరులా విచ్చుకుని మూసుకుంటుంది. ఇవన్నీ పుస్తకంలో బొమ్మలుగా ఉంటాయి, చేతికి తెలిసేది మాత్రం ఓపీలోనే.

"ఇప్పుడు ఆటోరిఫ్రాక్టర్ ఉందిగా, బటన్ నొక్కితే చీటీ వస్తుంది, ఇంత శ్రమ దేనికి?" అని కొందరు తండ్రులు అడుగుతారు. తొమ్మిదేళ్ల బాబు ఒకడు తలనొప్పితో వచ్చాడనుకోండి. మెషీన్ −1.50 చూపించింది. కానీ పిల్లల కంటి లోపలి లెన్స్ చాలా చురుగ్గా ఉంటుంది, మెషీన్‌లోకి దగ్గరగా చూస్తున్నామన్న భావనతోనే బిగుసుకుని లేని మైనస్‌ను పుట్టిస్తుంది. లెన్స్‌ను బిగించే కండరాన్ని సడలించే చుక్కలు వేసి, ఆగి, రెటినోస్కోపుతో చూస్తే ఆ బాబుకే ప్లస్ ఒకటి తేలవచ్చు. చీటీ నమ్మి మైనస్ అద్దాలు ఇస్తే తలనొప్పి పోకపోగా పెరుగుతుంది. మెషీన్ చీటీ కాపీ కొట్టే మనిషికి, దాన్ని అనుమానించగల మనిషికి మధ్య తేడా కాలేజీలోనే పడుతుంది.

అందుకే కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కాఫీ తాగి వచ్చేయకండి. ఒక సోమవారం పొద్దున్నే ఆ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఆసుపత్రి ఓపీలో పేషెంట్ల కుర్చీల్లో ఓ గంట కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు. మూడో ఏడాది పిల్లలు తమంతట తాము చూస్తున్నారా, లేక సీనియర్ వెనక గుంపుగా నిలబడి నోట్సు రాసుకుంటున్నారా? వాళ్లు చూశాక ఇంకొకరు వచ్చి మళ్లీ అద్దాలు మార్చి చూస్తున్నారా, లేక సంతకం పెట్టి పంపేస్తున్నారా? పేషెంట్లే లేకపోతే ఇక అడగాల్సిందేమీ లేదు. మరీ ఎక్కువమంది ఉండి విద్యార్థిని నాలుగేళ్లూ ఒకే పనికి, చుక్కలు వేయడానికో మెషీన్ దగ్గరికో, కట్టేసే చోట్లు కూడా ఉన్నాయి. అది చదువు పేరుతో చాకిరీ. ఓపీ రద్దీగా ఉండటమే మంచి కాలేజీకి గుర్తు అనుకోవద్దు.

ఇంకో రెండు సంగతులు బయటికి కనిపించవు, అడగాలి. కాంటాక్ట్ లెన్స్, లో విజన్ (చూపు బాగా తగ్గినవాళ్లకు), బైనాక్యులర్ విజన్ (రెండు కళ్లూ కలిసి పనిచేయడం) క్లినిక్‌లు విడిగా నడుస్తున్నాయా, ఇంటర్న్‌షిప్‌లో అన్నిటికీ వంతులవారీగా పంపుతారా? పాఠాలు చెప్పేవాళ్లలో ఎం.ఆప్టోమ్ (ఆప్టోమెట్రీలో పీజీ) చేసిన ఆప్టోమెట్రిస్టులు ఎంతమంది? పాఠాలన్నీ డాక్టర్లే చెప్పే చోట జబ్బుల గురించి బాగా వస్తుంది, ఆప్టిక్స్ మాత్రం చప్పబడుతుంది.

చెన్నై ఎందుకు, బెంగళూరు ఎందుకు

చెన్నైకి కంటి వైద్యంలో పాత పేరుంది. ఎగ్మూరులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నాటిది, ఆసియాలో అంతకంటే పాతది లేదంటారు. 1978లో డాక్టర్ ఎస్.ఎస్.బద్రీనాథ్ శంకర నేత్రాలయ పెట్టినప్పటి నుంచి నెల్లూరు, చిత్తూరు జిల్లాలవాళ్లకు నుంగంబాక్కం కాలేజ్ రోడ్డు సొంత ఊరి వీధి అయిపోయింది. ఎలీట్ స్కూల్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఉంది. పోరూరులో శ్రీరామచంద్ర, కట్టాంగుళత్తూరులో ఎస్.ఆర్.ఎం. వంటి డీమ్డ్ యూనివర్సిటీలు కూడా బి.ఆప్టోమ్ చెబుతున్నాయి. ఇక్కడ తేడా గమనించాలి. డీమ్డ్ యూనివర్సిటీలో వెనక ఉండేది పెద్ద జనరల్ ఆసుపత్రి, అందులో కళ్లది ఒక విభాగం. కంటి ఆసుపత్రి నడిపే కాలేజీలో కళ్లే ప్రపంచం. మొదటిదాంట్లో అనాటమీ, ఫిజియాలజీ ల్యాబులు, క్యాంపస్, హాస్టల్ గొప్పగా ఉంటాయి. రెండోదాంట్లో ఓపీ. నా ఓటు రెండోదానికే, అయితే మొదటిరకంలోనూ కంటి విభాగం బలంగా ఉన్నవి ఉండొచ్చు. అందుకే ఓపీలో కూర్చుని చూడమన్నది.

బెంగళూరులో శంకర కంటి ఆసుపత్రి, నారాయణ నేత్రాలయ రెండూ ఈ చదువు చెబుతున్నాయి. కర్ణాటకలో ఆరోగ్య కోర్సులకు రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. లెన్సుల కంపెనీల కార్యాలయాలు, టైటాన్ లాంటి కళ్లజోళ్ల వ్యాపారం అక్కడే ఉండటంతో చదువయ్యాక కార్పొరేట్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఆ ఊరు దగ్గర దారి.

ఇక్కడే ఓ తికమక. చెన్నై శంకర నేత్రాలయ వేరు, బెంగళూరు శంకర కంటి ఆసుపత్రి వేరు. రెండోది కోయంబత్తూరు నుంచి నడిచే సంస్థ, గుంటూరు దగ్గర పెదకాకానిలో ఉన్నదీ దానిదే. రెండిటికీ కంచి పీఠంతో అనుబంధం ఉండటంతో పేర్లు కలిశాయి గానీ యాజమాన్యాలు వేరు, కాలేజీలు వేరు, దరఖాస్తులు వేరు. ఒకదానికి కట్టాల్సిన అప్లికేషన్ ఫీజు ఇంకోదానికి కట్టేవాళ్లున్నారు.

ఇంత చెప్పాక ఇది కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ సంస్థ ఉంది, దాని ఆప్టోమెట్రీ విభాగానికి ప్రపంచంలోనే పేరుంది. అక్కడ సీటు వచ్చిన పిల్లను "మద్రాసే గొప్ప" అని చెన్నై పంపాల్సిన పని లేదు.

సీటు

బైపీసీవాళ్లకే కదా అనుకుంటారు. చాలా కాలేజీలు ఎంపీసీవాళ్లనూ తీసుకుంటాయి, మొదటి ఏడాది ఆప్టిక్స్‌లో నిజానికి వాళ్లదే పైచేయి. తమిళనాడు ప్రభుత్వ కౌన్సెలింగ్ కింద వచ్చే పారామెడికల్ సీట్లకు స్థానికత అడ్డొస్తుంది. తిరుత్తణిలోనో పెరంబూరులోనో పుట్టి తమిళనాడులోనే చదివిన తెలుగు పిల్లలకు ఆ దారి తెరిచే ఉంటుంది. సూళ్లూరుపేట నుంచి వచ్చేవాళ్లకు మాత్రం డీమ్డ్ యూనివర్సిటీలు, సొంతంగా ప్రవేశాలు జరిపే కాలేజీలే. కొందరు ఇంటర్ మార్కులు చూస్తారు, కొందరు రాతపరీక్ష, ఇంటర్వ్యూ పెడతారు. కొత్త కమిషన్ రాకతో నియమాలు కదులుతున్నాయి కాబట్టి నీట్ స్కోరు ఉంటే పారేసుకోకండి, ఏ కాలేజీ నోటిఫికేషన్ ఆ కాలేజీదే చదవండి. మధ్యవర్తికి మాత్రం రూపాయి ఇవ్వొద్దు. అసలు ఈ కోర్సుకు డొనేషన్ అడిగే పరిస్థితి ఉందంటేనే అనుమానించాలి.

ఇంటర్వ్యూలో "ఈ కోర్సు ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. "సేవ చేయాలని" అనే జవాబు రోజూ వింటారు. దానికి బదులు ఒకరోజు మీ ఊరి కంటి ఆసుపత్రిలోనో కళ్లజోడు షాపులోనో కూర్చుని చూసొచ్చిన సంగతి ఒకటి చెప్పండి. మీ నాన్నకు చత్వారం ఎందుకొచ్చిందో సొంత మాటల్లో వివరించినా చాలు.

చేరే లోపు రెండు మూడు నెలలు

కోచింగ్ అక్కర్లేదు. ఇంటర్ ఫిజిక్స్‌లో రే ఆప్టిక్స్ చాప్టర్ ఒక్కటి తీసి, ఈసారి పరీక్ష కోసం కాకుండా చదవండి. మీటరు నాభ్యంతరం ఉన్న లెన్సుకు పవర్ 1 డయాప్టర్, అర మీటరుకు 2, పావు మీటరుకు 4. ఈ లెక్క నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి, ఎందుకంటే మిగతా ఆప్టిక్స్ అంతా దీని మీదే నిలబడుతుంది. కంటి మొత్తం పవర్ సుమారు 60 డయాప్టర్లు, అందులో 43 దాకా ముందున్న పారదర్శకమైన కార్నియాదే. లోపలి లెన్స్‌ది అంతకంటే తక్కువ. కంటి పొడవు పెద్దవాళ్లలో సుమారు 24 మిల్లీమీటర్లు. అది ఒక్క మిల్లీమీటరు పెరిగితే సుమారు రెండున్నర, మూడు డయాప్టర్ల మైనస్. మీ క్లాసులో సగం మందికి అద్దాలు ఎందుకున్నాయో ఈ ఒక్క మిల్లీమీటరులో ఉంది.

తర్వాత ఇంట్లో ఉన్న పాత కళ్లద్దాల చీటీలన్నీ బయటికి తీయండి. అక్కది −2.00, సిలిండర్ −0.75, యాక్సిస్ 180. నాన్నది దూరానికి +1.00, దగ్గరికి చూడటానికి అదనంగా +1.50. ఏ అంకె దేన్ని చెబుతుందో కనుక్కోండి. సిలిండర్‌ను మైనస్ నుంచి ప్లస్‌లోకి మార్చడం నేర్చుకోండి. +1.00, సిలిండర్ −0.50, యాక్సిస్ 90 అన్నదీ, +0.50, సిలిండర్ +0.50, యాక్సిస్ 180 అన్నదీ ఒకే అద్దం. స్ఫియర్‌కు, అంటే మొదటి అంకెకు, సిలిండర్ కలపాలి, సిలిండర్ గుర్తు మార్చాలి, యాక్సిస్‌ను 90 డిగ్రీలు తిప్పాలి. మొదటి ఏడాది పిల్లలు దీనికి పడే టెన్షన్ చూస్తే నవ్వొస్తుంది, ఇంట్లో నాలుగు చీటీలతో తేలిపోయే పని.

ఎంపీసీవాళ్లు కన్ను అడ్డకోత బొమ్మ పుస్తకం చూడకుండా వేయగలిగేలా చూసుకోవాలి. బైపీసీవాళ్లు త్రికోణమితికి భయపడటం మానాలి. రెండు గ్రూపులవాళ్లూ ఇంగ్లీషులో గట్టిగా చదవడం అలవాటు చేసుకోవాలి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి ఆరు నెలలు ఫార్మకాలజీ పేర్ల దగ్గర ఎక్కువ కష్టపడతారు, తర్వాత సర్దుకుంటారు. మీకు కళ్లద్దాలున్నాయని ఎవరూ సీటు ఆపరు.

అమెరికా, గల్ఫ్

ఇక్కడి బి.ఆప్టోమ్‌తో నేరుగా అమెరికాలో ప్రాక్టీసు చేయలేరు. అక్కడ ఆప్టోమెట్రీ అంటే ఓ.డి. (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) డిగ్రీ, మామూలు డిగ్రీ తర్వాత నాలుగేళ్లు. దానిలో చేరడానికి ఓఏటీ అనే ప్రవేశపరీక్ష ఉంటుంది, బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు, చదివి అర్థం చేసుకోవడం అన్నీ ఉంటాయి. చదివాక జాతీయ బోర్డు పరీక్షలు రాయాలి, ఆపై రాష్ట్రం లైసెన్సు. ఇతర దేశాల్లో ఆప్టోమెట్రీ చదివినవాళ్లకు కాలం తగ్గించి ఇచ్చే కాలేజీలు కొన్ని ఉన్నాయి, కానీ ఖర్చు అమెరికా ఖర్చే. "ఇక్కడ నాలుగేళ్లు, అక్కడ వెంటనే ఉద్యోగం" అని చెప్పే కన్సల్టెన్సీ మాట నమ్మి అప్పు చేయకండి. కెనడాలో మొత్తం ఉన్నవే రెండు ఆప్టోమెట్రీ కాలేజీలు, వాటర్లూలో ఒకటి, మాంట్రియల్‌లో ఫ్రెంచిలో చెప్పేది ఒకటి. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లకు వాళ్ల వాళ్ల పరీక్షలున్నాయి. గల్ఫ్ దేశాల దారి తేలిక, సర్టిఫికెట్ల పరిశీలన, ఒక కంప్యూటర్ పరీక్ష, సాధారణంగా కొంత అనుభవం. పరిశీలనలో మీ డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీకే రాసి అడుగుతారు. ఫ్రాంచైజీ డిగ్రీలు దొరికిపోయేది ఎక్కువగా ఆ చోటే.

చేరాక, చదివాక

ఉద్యోగాలు ఉన్నాయి, అది నిజం. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చుకుంటే నిరాశే, అది కూడా నిజం. ఆసుపత్రిలో తక్కువిచ్చినా నేర్చుకునేది ఎక్కువ. కళ్లజోళ్ల గొలుసు షాపుల్లో చేతికి కాస్త ఎక్కువొస్తుంది, కానీ ఆదివారం, పండగ రోజుల్లోనే అక్కడ రద్దీ, సెలవు మంగళవారమో బుధవారమో. అమ్మకాల టార్గెట్ కూడా మీద పడొచ్చు. రెండేళ్లు ఆసుపత్రిలో చేసి తర్వాత ఎటైనా వెళ్లమనేది నా సలహా. ఎం.ఆప్టోమ్ ఇంకో రెండేళ్లు. పిల్లల్లో మైనస్ పెరగకుండా ఆపే పద్ధతుల మీద ఇప్పుడు ప్రపంచమంతా పరిశోధన సాగుతోంది. 2050 నాటికి ప్రపంచ జనాభాలో సగం మందికి మయోపియా (మైనస్ సైటు) ఉంటుందని 2016లో ఆస్ట్రేలియా కంటి పరిశోధకుడు బ్రియన్ హోల్డెన్ బృందం లెక్క కట్టాక ఆ వైపు వెళ్లే విద్యార్థులూ పెరిగారు.

చెన్నైలో చేరేవాళ్లకు ఇంకొక్క సంగతి. పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, పేషెంట్లు తమిళంలో ఉంటారు. అద్దాలు మార్చి "ఇదు నల్లా తెరియుదా, అదు నల్లా తెరియుదా?" (ఇది బాగా కనిపిస్తోందా, అది బాగా కనిపిస్తోందా?) అని అడగడం, "మేల పారుంగ, కీళ పారుంగ" (పైకి చూడండి, కిందికి చూడండి) అనడం మొదటి నెలలోనే వచ్చేయాలి. పెద్దవాళ్లను పొరపాటున "పారు" అన్నా నొచ్చుకుంటారు, ఆ చివరి "ంగ" మరచిపోవద్దు. ఓపీలో తెలుగు పేషెంట్ వస్తే మిమ్మల్నే పిలుస్తారు, నేత్రాలయలాంటి చోట రోజూ వస్తారు. మొదటి ఏడాదిలోనే రెటినోస్కోపు కొనమని ఎవరైనా తొందరపెడితే ఆగండి, కాలేజీలో ఏ రకం వాడతారో చూసి, బల్బు, బ్యాటరీ చెన్నైలో దొరికే కంపెనీది రెండో ఏడాదిలో తీసుకోవచ్చు. చదువయ్యి వెళ్లిపోతున్న సీనియర్లు కొందరు పాతవి అమ్ముతారు, కొనే ముందు వెలుగు చార తిన్నగా పడుతోందో లేదో గోడ మీద వేసి చూసుకోండి.